దేశం లెక్క, దొర్నిపాడు చేను

ఏటా ఏప్రిల్ సగం గడిచేసరికి ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ ఒక అంకె చెబుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల దేశం మొత్తం మీద మామూలుగా పడే వానలో ఈసారి ఇన్ని శాతం పడుతుందని ఆ అంకెకు అర్థం. మరునాడు పేపర్ల మొదటి పేజీలో అదే వార్త. షేర్ మార్కెట్టు దాన్ని బట్టి కదులుతుంది, ట్రాక్టర్ల కంపెనీలు దాన్ని బట్టి లెక్కలు వేసుకుంటాయి, టీవీల్లో రైతుకు శుభవార్త అని పెద్దక్షరాలు తిరుగుతాయి. నంద్యాల జిల్లాలో దొర్నిపాడు, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి దున్నే మనిషి మాత్రం ఆ వార్త విని ఏం చేయాలో ఎవరూ చెప్పరు. అదును చూసి పత్తి గింజలు కొనాలా, ఇంకో ఐదెకరాలు గుత్తకు తీసుకోవాలా, వరికి నారు పోసుకోవాలా, లేక ఖరీఫ్ వదిలేసి శనగ కోసం చేను ఖాళీగా ఉంచుకోవాలా? ఆ అంకెను ఉన్నదున్నట్టు నమ్మి దిగితే నష్టపోతాం. పనికిరానిదని కొట్టిపారేసినా నష్టపోతాం. దాన్ని విడగొట్టి, అందులో మన చేనుకు సంబంధించిన ముక్క ఎక్కడుందో వెతుక్కోవాలన్నది ఈ ప్రసంగంలో నా వాదన.

ముందు ఆ అంకె దేన్ని కొలుస్తుందో చూద్దాం. 1971 నుంచి 2020 దాకా 50 ఏళ్ల లెక్క తీస్తే, ఆ నాలుగు నెలల్లో దేశపు సగటు వాన 87 సెంటీమీటర్లు. అందులో 96 నుంచి 104 శాతం మధ్య పడితే సాధారణం అంటారు. 90 లోపు పడితే లోటు. ఏప్రిల్‌లో చెప్పే అంచనాకు అటూ ఇటూ 5 శాతం తేడా రావచ్చని శాఖే చెబుతుంది. ఈ 87 సెంటీమీటర్లలో చిరపుంజి ఉంది, జైసల్మేరు ఉంది, పడమటి కనుమలు ఉన్నాయి, మన రాయలసీమ కూడా ఉంది. రాయలసీమకు ఈ నాలుగు నెలల్లో వచ్చేది సుమారు 40 సెంటీమీటర్లు, అంటే దేశపు సగటులో సగం లోపే. ఇంటిల్లిపాది కొలతలు కలిపి సగటు తీసి, ఆ సగటుకు చొక్కా కుట్టిస్తే అది తాతకూ చాలదు, మనవడికీ నప్పదు. అలాగని కొలత తప్పని కాదు, లెక్క సరైనదే. దేశానికి ఎంత ధాన్యం వస్తుంది, ఎంత పప్పు దిగుమతి చేసుకోవాలి, జలాశయాల్లో ఎంత నీరు చేరవచ్చు అన్న ప్రశ్నలకు ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు ఆ అంకె బాగానే ఉపయోగపడుతుంది.

ఈ అంచనాల కథకూ మన సీమకూ పాత సంబంధమే ఉంది. 1876లో మొదలైన ధాత కరువులో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు ఎంత అల్లాడాయో చరిత్ర చదివినవాళ్లకు తెలుసు. వాతావరణ శాఖ పుట్టింది 1875లో. ఆ కరువు తర్వాతే, వాన రాకడను ముందుగా చెప్పగలరా అని అప్పటి ప్రభుత్వం శాఖ అధిపతి బ్లాన్‌ఫర్డ్‌ను అడిగింది. హిమాలయాల మీద మంచు ఎక్కువగా పడిన ఏడు వాన తగ్గుతుందన్న గమనింపుతో ఆయన ప్రయత్నాలు చేశాడు. 1886 జూన్ 4న మొదటి అధికారిక అంచనా వెలువడింది. తర్వాత గిల్బర్ట్ వాకర్ వచ్చి పసిఫిక్ మహాసముద్రం మీది గాలి ఒత్తిడికీ మన వానకూ లంకె ఉందని లెక్కలతో చూపించాడు. ఇప్పుడు ఎల్ నినో అని రోజూ వినే మాట వెనక ఆ పనే ఉంది. అయినా తప్పులు తప్పలేదు. 1988 నుంచి 16 అంశాలు చూసి చెప్పే ఒక పద్ధతి నడిచింది. 2002లో అది దేశానికి 101 శాతం వాన అంది. ఆ ఏడు జూలైలో పడాల్సినదాంట్లో దాదాపు సగమే పడింది, సీజను 81 శాతం దగ్గర ఆగిపోయింది. 2009 ఏప్రిల్‌లో 96 శాతం అన్నారు, 78 పడింది. 2019లో మళ్లీ 96 అన్నారు, 110 పడింది. ఇవి చిన్న పొరపాట్లు కావు. కరువు ఏడును మామూలు ఏడని, అతివృష్టి ఏడునూ మామూలు ఏడనే చెప్పిన సందర్భాలు.

ఇక్కడే చాలామంది ఆగిపోయి, ఇంతకన్నా ఉగాది పంచాంగమే నయం అనేస్తారు. అది న్యాయం కాదు. 2021 నుంచి శాఖ పద్ధతి మార్చింది. సముద్రాన్నీ గాలినీ కలిపి కంప్యూటరులో నడిపించే నమూనాలను, ఒకటి కాదు అనేకం, పక్కపక్కన పెట్టి వాటి మొత్తం మీద చెబుతోంది. 2023లో 96 అన్నారు, 94 పడింది. 2024లో 106 అన్నారు, 108 పడింది. 2025లో ఏప్రిల్‌లో 105, మే నెలలో 106 అన్నారు, 108 పడింది. మూడేళ్లు వరసగా తూకం దగ్గరగా వచ్చినంత మాత్రాన గెలిచేశారని నేను అనను, మూడేళ్లు చాలా తక్కువ. కాని ఒక సంస్థ తన తప్పును అంకెల్లో అచ్చువేసి, పద్ధతి మార్చుకుని, మళ్లీ అంకెల్లోనే పరీక్షకు నిలబడుతున్నప్పుడు దాన్ని పాత తప్పులతోనే కొట్టకూడదు. ఉగాది నాడు ఇన్ని కుంచాల వాన, అందులో సముద్రం మీద ఇన్ని పాళ్లు, కొండల మీద ఇన్ని, భూమి మీద ఇన్ని అని పంచాంగం వినిపిస్తుంది. కిందటేడు చెప్పిన కుంచాలు పడ్డాయా లేదా అని ఏ ఉగాదికీ ఎవరూ కొలిచి చూడరు. వానను చోటును బట్టి పంచి చెప్పాలన్న తెలివి మాత్రం ఆ పంచాంగకర్తలకు ఉంది. మన పేపర్ల శీర్షికలకు లేనిది అదే.

దేశపు లెక్క ఎలా తేలినా మన చేను మునిగిపోవడమో ఎండిపోవడమో ఎలా జరుగుతుందో చూడటానికి 2009ని మించిన సాక్ష్యం లేదు. 1972 తర్వాత అంత చెడ్డ నైరుతి సీజను దేశం చూడలేదు. సెప్టెంబరు 30తో ఆ లెక్క ముగిసింది. అక్టోబరు 2న కర్నూలు నగరం తుంగభద్ర, హంద్రీ వరదలో మునిగింది, శ్రీశైలం డ్యాముకు అది కట్టాక ఎన్నడూ రానంత నీరు వచ్చిపడింది. కరువు ఏడని రాసుకున్న పుస్తకంలోనే, రెండు రోజుల తేడాతో, ఈ ప్రాంతపు అతి పెద్ద వరద ఉంది. 2023 ఇంకో రకం. అంచనా దాదాపు సరిపోయిన ఏడు అది. కాని నెలలవారీగా చూస్తే జూలైలో 13 శాతం ఎక్కువ, ఆగస్టులో 36 శాతం తక్కువ, సెప్టెంబరులో మళ్లీ 13 శాతం ఎక్కువ. దేశంలో 1901 నుంచి లెక్కలున్న ఆగస్టులన్నింటిలో అంత పొడి ఆగస్టు మరొకటి లేదు. జూలై వానకు విత్తి, ఆగస్టులో మఖ కార్తె దాకా బెట్ట పెట్టిన పైరుకు సీజను సగటు 94 శాతం అని చెబితే ఏం ఊరట?

మరి మనకు కావలసిన వాన ఏది? ఒకటి కాదు, మూడు. మొదటిది మన ఊళ్లో పడనిది. దొర్నిపాడు ప్రాంతంలో కాలవ కింద వరి పెట్టేవాళ్లకు నీళ్లిచ్చేది కేసీ కెనాలు. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ నీటిపారుదలకూ పడవల రాకపోకలకూ కలిపి తవ్వించిన ఆ కాలవ సుంకేశుల దగ్గర తుంగభద్ర నీళ్లు పట్టుకుని కర్నూలు, నంద్యాల మీదుగా కడపకు పోతుంది. తుంగ, భద్ర పుట్టేది పడమటి కనుమల్లో, రెండూ కలిసేది శివమొగ్గ దగ్గర కూడలిలో. అంటే మన వరి మడికి ముఖ్యమైన వాన చిక్కమగళూరు, శివమొగ్గ కొండల మీద జూలై, ఆగస్టుల్లో పడేది. ఆళ్లగడ్డలో ఒక్క చుక్క లేకపోయినా అక్కడ కురిస్తే కాలవ పారుతుంది. ఇక్కడ ముసురు పట్టినా అక్కడ కురవకపోతే సుంకేశుల అడుగంటుతుంది. శ్రీశైలం నిండితే పోతిరెడ్డిపాడు నుంచి బనకచర్లకు వచ్చే నీరు కొంత ఆదుకుంటుంది, కాని ఆ కృష్ణ నీరూ మహారాష్ట్ర, కర్ణాటక కనుమల వానే. కాబట్టి కాలవ కింది రైతు వాతావరణ శాఖ పటంలో తన జిల్లాను చూసుకోవడం సగం పనే. పడమటి కర్ణాటక ఏ రంగులో ఉందో ముందు చూడాలి. నీళ్లున్నంత మాత్రాన అయిపోదనీ 2024 చూపించింది. తుంగభద్ర డ్యాము నిండి ఉండగానే ఆగస్టు 10న 19వ గేటు కొట్టుకుపోయింది. అది ఏ అంచనాలోనూ ఉండే సంగతి కాదు.

రెండోది మన చేలో పడే సెప్టెంబరు వాన. మూడోది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన. ఈ రెంటి మధ్య సందులోనే మన శనగ బతుకుతుంది. రేగడి నేల ఉత్తర కార్తెలో, హస్తలో తాగి దాచుకున్న తడి మీద అక్టోబరు, నవంబరుల్లో శనగ విత్తుతారు. ఆ తర్వాత దానికి పెద్ద వాన అక్కర్లేదు, మంచు, చలి చాలు. విత్తేనాటికి జడివాన పట్టుకుంటే గొర్రు చేలోకి దిగదు, విత్తాక పట్టుకుంటే గింజ కుళ్లుతుంది, పూత మీద పట్టుకుంటే తెగుళ్లు. సాధారణం కంటే ఎక్కువ వాన అనగానే టీవీ శుభవార్త అంటుంది. శనగ రైతుకు నవంబరులో ఆ మాట అపశకునం. ఎల్ నినో మాటా అంతే. అది వచ్చిందంటే కరువని భయపెట్టడం అలవాటైంది. నైరుతి కాలంలో ఆ భయానికి ఆధారం ఉంది, అదీ ప్రతిసారీ కాదు. బలమైన ఎల్ నినో ఉన్న 1997లో దేశానికి 102 శాతం వాన పడింది. అదే ఎల్ నినో ఈశాన్య రుతుపవనాల కాలంలో దక్షిణాదికి వానను పెంచే వైపే మొగ్గుతుంది. 2015లో దేశానికి నైరుతి 86 శాతమే ఇచ్చింది, నవంబరు, డిసెంబరుల్లో చెన్నై మునిగింది, నెల్లూరు తడిసి ముద్దయింది. ఒక్క మాట దేశానికి ఒక అర్థం, మనకు ఆరు నెలల్లోనే రెండు అర్థాలు.

పటం దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు సరుకు అంకెలో కన్నా పటంలోనే ఉంది. శాఖ తన ప్రకటనతో పాటు రంగుల పటం ఒకటి వేస్తుంది. గడచిన ఏళ్లను వాన లెక్కన వరస పేర్చి మూడు సమాన వాటాలు చేస్తారు. తక్కువ పడ్డవి, మామూలువి, ఎక్కువ పడ్డవి. ఏమీ తెలియనప్పుడు ఒక్కో వాటాకు అవకాశం 33 శాతం. నమూనాలు ఏ వైపుకైనా మొగ్గితే ఆ చోట రంగు పడుతుంది. మొగ్గకపోతే తెల్లగా వదిలేస్తారు. ఈ తెలుపును చాలామంది వాన లేదనో, మామూలు వాననో చదువుకుంటారు. దాని అసలు అర్థం, ఇక్కడి సంగతి నమూనాకు అంతుచిక్కలేదని. పటంలో రాయలసీమ బొటనవేలి గోరంత ఉంటుంది. అందులో నంద్యాల జిల్లాను వేరుచేసి చూడటం కుదరదు, దొర్నిపాడు మండలం సంగతి చెప్పనక్కర్లేదు. ఎక్కువ పడటానికి 45 శాతం అవకాశం అన్న రంగు మన మీద పడిందనుకుందాం. అలాంటి రంగు పడ్డ 20 ఏళ్లు తీసుకుంటే 9 ఏళ్లు ఎక్కువ వాన, 11 ఏళ్లు కాదు. ఆ 11లో ఒకటి ఈ ఏడే కావచ్చు.

అయితే ఇంకేం చెప్పినట్టు, పడొచ్చు పడకపోవచ్చు అన్నదానికి శాస్త్రం ఎందుకు అని అడిగేవారున్నారు. గట్టి ప్రశ్నే. ఇరవై ఏళ్ల సగటు మీద లాభం వస్తుందని చెబితే ఈ ఏడు అప్పు తీర్చాల్సిన గుత్త రైతుకు ఏం ఒరుగుతుంది? దీనికి నా సమాధానం ఏమిటంటే, ఈ అంచనా విత్తే రోజును నిర్ణయించడానికి పనికిరాదు, విత్తే వాటాను నిర్ణయించడానికి పనికొస్తుంది. మొగ్గు వానవైపు ఉంటే పత్తికి ఇంకో ఎకరం, లేకపోతే ఆ ఎకరం కొర్రకో జొన్నకో. నంద్యాల పరిశోధనా కేంద్రం నుంచి వచ్చిన సూర్యనంది లాంటి కొర్ర రకాలు తక్కువ రోజుల్లో చేతికొస్తాయి. గుత్త మాట్లాడుకునేటప్పుడు, పశువులకు మేత నిల్వ చేసుకునేటప్పుడు, పంటల బీమా కట్టాలా వద్దా అనుకునేటప్పుడు మొగ్గు తెలియడం మంచిదే. ఉన్నదంతా ఒక్క వైపు పెట్టే నిర్ణయానికి మాత్రం దాన్ని సాక్ష్యంగా వాడకూడదు. విత్తే రోజు సంగతి వేరే అంచనాలు చూస్తాయి. ప్రతి గురువారం శాఖ రాబోయే నాలుగు వారాలకు ఒక అంచనా ఇస్తుంది. మంగళ, శుక్రవారాల్లో ఐదు రోజుల వివరంతో రైతులకు సలహాలు వస్తాయి, 2019 నుంచి మేఘదూత్ యాప్‌లోనూ ఉన్నాయి. వాటన్నింటికీ పైన చేతిలోని మట్టి ఉంది. ఎండకు నెర్రెలిచ్చిన రేగడి మీద 20 మిల్లీమీటర్లు పడితే పైన నల్లగా తడి కనిపిస్తుంది, ఒక గడ్డ తీసి విరిస్తే లోపల బూడిదే. 60, 75 మిల్లీమీటర్లు పడ్డాక పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి, వదిలితే పొడిపొడిగా రాలాలి. అది పదును. ఏప్రిల్‌లో చెప్పిన ఏ శాతమూ దానికి బదులు కాదు.

పెద్దలు చెప్పే కార్తెల మాటేమిటి అంటారు. కార్తెలు సూర్యుడి నడకను బట్టి కట్టిన క్యాలెండరు. మృగశిర జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, వానలు వచ్చినా రాకపోయినా. తరాల తరబడి చూసిన సగటు అందులో ఉంది, అది తీసిపారేసే జ్ఞానం కాదు. వాతావరణ శాఖ 50 ఏళ్ల సగటు అంటున్నదీ అలాంటిదే. ఈ ఏడు ఆ సగటు నుంచి ఎటు తప్పుతుందో మాత్రం కార్తె చెప్పలేదు. రెండూ పోటీ పడేవి కావు కాబట్టి ఏది గొప్పదన్న వాదన నాకు కాలయాపనగా కనిపిస్తుంది.

వాన గురించి ఇంత మాట్లాడుకుంటాం, వేడి గురించి మాట్లాడుకోం. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో వెయ్యి మందికి పైగా పోయారు. 2016 నుంచి శాఖ ఎండాకాలానికీ ముందస్తు అంచనా ఇస్తోంది. చలికాలానికీ ఇస్తోంది. నిజానికి వాన కన్నా ఉష్ణోగ్రత అంచనా నమ్మదగింది, ఎందుకంటే వేడి విశాలంగా, నిదానంగా మారే వస్తువు. వాన ఒక మిట్ట మీద కురిసి పక్క పల్లాన్ని వదిలేయగలదు. 1901 తర్వాత దేశంలో అత్యంత వేడి ఏడాది 2024. వేసవిలో రాష్ట్రంలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందో చెప్పే పట్టికల్లో నంద్యాల పేరు తరచూ పైనే ఉంటుంది. ఉపాధి పనులు ఎన్ని గంటలకు మొదలెట్టాలో ఫిబ్రవరి చివరి అంచనా చూసి మార్చిలోనే అనుకోవచ్చు, జనం పడిపోయాక అనుకోనక్కర్లేదు. శనగకూ ఇది ముఖ్యం. పూతా కాయా ఉన్నప్పుడు పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పూత రాలుతుంది, గింజ ఊరదు. 1999లో వచ్చిన జేజీ 11 రకం ఈ ప్రాంతంలో అంతగా పాకిందంటే, మన పొట్టి చలికాలం ముగిసేలోగా కోతకు రావడం ఒక కారణం. చలికాలం రాత్రుళ్లు వెచ్చగా ఉండే మొగ్గు కనిపించిన ఏడు, నవంబరు చివర్లో శనగ విత్తడమంటే ఫిబ్రవరి ఎండకు కాయను అప్పగించడమే.

చివరగా, ఈ భారమంతా రైతు మీద వేయడం నాకు సమ్మతం కాదు. మొగ్గులను లెక్కలో పెట్టుకుని నష్టాన్ని తట్టుకోగలిగే స్తోమత పదెకరాల వాడికి కొంత ఉంటుంది, ఎకరన్నర గుత్తకు చేసేవాడికి ఉండదు. పాతికేళ్ల మీద సగటు తీసుకోగలిగేది ప్రభుత్వమూ బ్యాంకులూ బీమా కంపెనీలే. ఖరీఫ్‌కు ముందు జిల్లా సాగునీటి సలహా మండలి కూర్చుని కాలవలకు నీళ్లు ఎప్పుడు, ఎంత ఆయకట్టుకు అని తీర్మానిస్తుంది. ఆ రోజు బల్ల మీద డ్యాములో ఉన్న నీటి లెక్కతో పాటు తుంగభద్ర ఎగువ వాన అంచనా పటం కూడా పెట్టి, తక్కువ పడే అవకాశం ఎంతో తీర్మానంలోనే రాసి ఊరూరా చెప్పవచ్చు. సెప్టెంబరు చివర్లో ఈశాన్య రుతుపవనాల అంచనా వస్తుంది. అందులో తమిళనాడు, కేరళ, కోస్తాంధ్ర, రాయలసీమ, దక్షిణ కర్ణాటక ఐదింటికీ కలిపి ఒకే అంకె ఉంటుంది. రాయలసీమది పటంలోనే చూడాలి. శనగ విత్తనాలు పంచే అధికారులు ఆ పటం చూశాకే ఎన్ని బస్తాలు ఏ వారం ఏ మండలానికి పంపాలో వేసుకుంటే, అక్టోబరు వానకు చేలు ఆరకపోతే ప్రత్యామ్నాయంగా ఇవ్వడానికి జొన్న, మినుము విత్తనం గోదాములో ఉంటుంది.